పెద్ద గూట్లో నా ఫోను

ఆషాఢం, మొదటి శుక్రవారం

సంఘం పుస్తకంలో ఈరోజు ఇలా రాశాను: "నూట నలభై రెండు ఫోన్లు తుడిచాను. అన్నీ శుభ్రం. సూర్యచంద్రం, ఫోన్ల కాపలా." అక్షరాలు గుండ్రంగా, ముచ్చటగా వచ్చాయి. పదహారేళ్ళుగా అలాగే వస్తున్నాయి.

ఇది ఆ పుస్తకం కాదు. దీన్ని బియ్యం డబ్బా వెనక దాస్తాను. ఎక్కడో ఒకచోట నిజం చెప్పకపోతే అన్నం సహించేలా లేదు, అందుకని మొదలుపెట్టాను.

నాకు వినపడదు.

ఒక్కసారిగా పోలేదు. మూడేళ్ళ కిందట పిట్టల కూతలు పోయాయి. తర్వాత ఆడవాళ్ళ గొంతులు, ఆ తర్వాత మగవాళ్ళవి. ఇప్పుడు పక్కన ఇత్తడి బిందె పడినా తలతిప్పను. ఈ సంగతి లంకలో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఈ పనిలో ఒక్క పూట ఉంచరు, ఉంచకూడదు కూడా. పై లాకు దగ్గర నీరు పెరిగితే అక్కడ నీటి తలుపులు చూసే లస్కరు మొదట ఫోన్ చేసేది నాకే. నేను విని మూడో మీట నొక్కితే లంకలోని ఫోన్లన్నీ ఒక్కసారి కూస్తాయి. జనం పిల్లల్నీ కోళ్ళనీ చంకన పెట్టుకుని మెట్ట మీది మంచెలు ఎక్కుతారు. ఆ వినడం అనే పనికి నన్ను పెట్టుకున్నారు.

మా ఫోన్లకు మూడే మీటలు. ఒకటి ఎత్తడానికి, ఒకటి పెట్టెయ్యడానికి, ఒకటి వరద కూతకు. పైన నంబరు కనిపించడానికి వేలెడంత అద్దం. అంతకు మించి ఏమీ ఉండకూడదని తీర్మానం. నా చిన్నప్పుడు తెలివైన ఫోన్లు ఉండేవి, లాకుల తలుపులు కూడా వాటి మాటే వినేవి. వాటికి వైరస్ సోకి తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. తొమ్మిది లంకలు ఒక్క పూటలో పోయాయి. వాటిలో నేను పుట్టిన లంక ఒకటి. ఫోను మొద్దుగా ఉండాలని నాకంటే గట్టిగా వాదించేవాడు ఈ గోదావరి మీద లేడు.

అలాంటి నేను మాఘమాసంలో సరుకుల పడవ సత్తిబాబు దగ్గర గోరంత చిప్పు తీసుకున్నాను. ప్రతి మాటా రెండుసార్లు చెప్పించుకుంటున్నానని ఒక్క అతనే కనిపెట్టాడు.

"చంద్రంగారూ, ఇది ఫోన్లో దూర్చారనుకోండి, ఎదరోళ్ళు ఏం మాట్టాడినా అద్దం మీద అచ్చరాలై పోద్దండి. మా మేనత్తకి ఇదేనండి. ఆవిడిప్పుడు అందరి గొడవల్లోనూ దూరిపోతందండి బాబూ."

అని, బదులుగా ఒకే ఒక్కటి అడిగాడు. బయటి నుంచి వచ్చిన ఫోను ఏదైనా మూడు రోజులు మైలకుండలో ఉండాలి. జబ్బు ఉంటే ఆ మూడు రోజుల్లో కుండ వేడెక్కి బయటపడుతుంది. తన ఫోనుకు మైల పట్టొద్దన్నాడు. నేను పట్టలేదు. సంఘం పుస్తకంలో "మూడు రోజులు ఉంచితిని" అని గుండ్రంగా రాశాను.

ఆషాఢం, మొదటి ఆదివారం

రెండు రోజులుగా ఇంకో సంగతి రాయాలా వద్దా అని చూస్తున్నాను.

చిప్పు పెట్టుకున్న పన్నెండో రోజున సంఘం కూర్చుంది. దీవెన లేచి నిలబడింది. పల్లపు వరసలో వలలు అల్లే అమ్మాయి. ఆమెకు ఏడేళ్ళప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. మాట మాత్రం ఉంది, ఎత్తుపల్లాలు లేకుండా గట్టిగా వస్తుంది. భర్త ఇస్సాకు ఇసుక తవ్వే పడవ మీద పని, వారానికి ఒక్కరోజు ఇంట్లో ఉంటాడు. మిగతా రోజుల్లో వరద కూత వస్తే తెలియడానికి ఆమె కాలికి తాడు కట్టుకుంటుంది. దాని రెండో కొస పక్కింటి వాళ్ళ గుంజకు ఉంటుంది. కూత వినగానే వాళ్ళు లాగాలి.

"నా ఫోను కుయ్యక్కర్లేదండి," అంది దీవెన. "కాత్త వణికేలా చేత్తే చాలండి. బొడ్లో దోపుకుంటాను. ఇంకా వీలైతే రెండు అచ్చరాలు, వరద అని. అంతేనండి."

అధ్యక్షురాలు నాగవేణి గారు నా వైపు చూశారు. నేను లేచి గొంతు సవరించుకున్నాను. నా గొంతు నాకు వినపడదు గనుక బాగానే ఉందనుకున్నాను.

"ఈరోజు వణుకుతుంది. రేపు అక్షరాలు చూపిస్తుంది. ఎల్లుండి బొమ్మలు. ఆ పై రోజు లాకు తలుపులు తనే తీస్తుంది. ఫోను అంటే మోగాలి, ఎత్తాలి, మాట్లాడాలి. ఒక్కరి కోసం చిల్లి పెడితే పడవ మునిగేది అందరికీ. అమ్మాయ్, నీ మీద జాలి లేక కాదు."

మెడలో వేలాడుతున్న నా ఫోను అద్దం మీద 'చప్పట్లు' అని వచ్చింది. అది చదువుకుని, ఓహో, చప్పట్లు కొడుతున్నారు కాబోలు అని చేతులు జోడించాను. సిగ్గనేది ఎక్కడ పోయిందో ఆ పూట.

ఆషాఢం, రెండో శుక్రవారం

తుడుపు రోజు. తుడుపు పెట్టెకు నలభై గూళ్ళు, పైన ఒక పెద్ద గూడు. కాపలావాడి ఫోను ముందుగా పెద్ద గూట్లో పెట్టాలి. పెట్టె దాన్ని చూసి ఆరోగ్యం అంటే ఇలా ఉంటుందని నేర్చుకుంటుంది, ఆపైన కింది గూళ్ళలోని ఫోన్లన్నిటినీ దాని ప్రకారం సరిచేస్తుంది. ఆ ఫోను పెట్టేముందు ఆడవాళ్ళు దానికి పసుపు చుక్క పెడతారు. మొద్దు ఫోనుకు దక్కే మర్యాద అదొక్కటే.

ప్రతి శుక్రవారం ఇంట్లోనే చిప్పు పీకి అటుకుల డబ్బాలో పెట్టి వచ్చేవాణ్ణి. తుడుపు జరిగే గంటసేపు ఎవరేం అడిగినా తల ఊపేవాణ్ణి. ఈరోజు గుమ్మం దాటేలోపే నాగవేణి గారు ఎదురొచ్చి ఏదో అడిగారు. ఆవిడ పక్కన మరో నలుగురు. రేవు దాకా మాట్లాడుతూనే ఉన్నారు. చిప్పు తీస్తే ఒక్కదానికీ జవాబు చెప్పలేను. తీయకుండానే నడిచాను. పెట్టె దగ్గర పసుపు పెట్టేశారు, చేతులు చాపి నిలబడ్డారు.

పెద్ద గూట్లో పెట్టేశాను. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. పచ్చదీపం వెలిగింది.

ఆషాఢం, మూడో మంగళవారం

మధ్యాహ్నం అన్నాల వేళ కూత. నేను మీట నొక్కలేదు. పై లాకు నుంచి ఫోనూ రాలేదు. ముద్ద చేతిలో ఉండగానే కిటికీలోంచి చూస్తే జనం మెట్ట వైపు పరుగెత్తుతున్నారు. ఒకావిడ చేతిలో పప్పు గిన్నె అలాగే ఉంది. నేనూ పరుగెత్తాను, ఎందుకో తెలియకుండానే.

మంచెల మీద గంట కూర్చున్నాం. గోదావరి నిమ్మళంగా ఉంది.

"ఏటండీ చంద్రంగారూ, నొక్కారా?" అని నాగవేణి గారు.

"పరీక్షకని," అన్నాను. "అప్పుడప్పుడూ చూసుకోవాలి కదా."

నవ్వారు, కొందరు మెచ్చుకున్నారు. ఇంటికొచ్చి తలుపు వేసుకుని చిప్పు ఒక్కదాన్నీ మైలకుండలో వేశాను. చీకటి పడేలోపే కుండ వేడెక్కింది. తీసి, ఊది, మళ్ళీ పెట్టాను. మళ్ళీ వేడెక్కింది.

అంటే పోయిన శుక్రవారం జబ్బునే ఆరోగ్యమని పెట్టెకు నేర్పాను. అది బుద్ధిగా నేర్చుకుని అన్ని ఫోన్లకూ అంటించింది. వైరస్‌ను ఆపడానికి కట్టిన గుమ్మంలోంచే, పసుపు చుక్కతో సహా, నేనే దాన్ని లోపలికి తీసుకొచ్చాను.

దీనికి మందు ఉంది. ముద్ర వేసిన ఫోను ఒకటి నాగవేణి గారి ఇనప్పెట్టెలో ఉంది. ఎవరూ ఎప్పుడూ వాడనిది. దాన్ని పెద్ద గూట్లో పెట్టి పెట్టెకు మళ్ళీ మొదటి నుంచి నేర్పితే సరి. కానీ అడిగితే ఆవిడ ఎందుకని అడుగుతుంది.

చిప్పును మాత్రం పారెయ్యలేదు. కడిగి మళ్ళీ ఫోన్లోనే పెట్టుకున్నాను. అది లేకపోతే రేపు ఉదయం పలకరించినవాడికి ఏం చెప్పను?

ఆషాఢం, నాలుగో గురువారం

ఈ వారంలో ఐదుసార్లు కూసింది. మొదటి రెండుసార్లు అందరూ ఎక్కారు. మూడోసారి సగం మంది. ఐదోసారి గుమ్మాల్లో నిలబడి ఆకాశం వైపు చూసి లోపలికి వెళ్ళిపోయారు. దీవెన కాలి తాడు లాగడం పక్కింటివాళ్ళు మానేశారట. "ఊరికే లాగి ఆ పిల్లని కంగారు పెట్టడం ఎందుకండీ" అని నాతోనే అన్నారు, నా అద్దం మీద చదివాను.

పొద్దున్న రెండుసార్లు నాగవేణి గారి గుమ్మం దాకా వెళ్ళాను. మొదటిసారి ఆవిడ స్నానానికి వెళ్ళారు. రెండోసారి ఆవిడ ఉన్నారు, మజ్జిగ ఇచ్చారు, తాగి వచ్చేశాను.

శ్రావణం, మొదటి సోమవారం

నీరు వచ్చింది. నిజంగా.

తెల్లారాక లస్కరు ఫోన్ చేశాడు. అద్దం మీద 'పద్దెనిమిది అడుగులు, పెరుగుతోంది' అని వచ్చింది. మూడో మీట నొక్కాను. ఫోన్లు కూశాయనే నమ్ముతున్నాను. ఒక్కరూ కదల్లేదు. వీధి వీధీ తిరిగి నోటితో అరిచాను. కొందరు నన్ను చూసి నవ్వారు. నీళ్ళు గుమ్మాల్లోకి వచ్చాకే నమ్మారు.

మనుషులు పోలేదు. ఈ మాట రాయగలుగుతున్నందుకు ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియడం లేదు. పదకొండు గేదెలు పోయాయి. విత్తనాల గాదె తడిసి ముద్దయింది. అచ్చియ్యమ్మ అనే ముసలావిడ మంచె నిచ్చెన మీంచి జారి తుంటి విరిగింది.

దీవెన ఇంట్లో వల అల్లుకుంటూ కూర్చుంది. తాడు ఎవరూ లాగలేదు. నీళ్ళు ఒడిలోకి వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. అప్పటికి బయటికి వచ్చే దారి మునిగింది. ఇంటి నడిమి గుంజ పట్టుకుని సాయంత్రం దాకా మెడలోతు నీళ్ళలో నిలబడింది. పడవలో వెళ్ళి తెచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. వేళ్ళు గుంజకు బిగుసుకుపోతే ఒక్కొక్కటీ విడదీశాను. ఆమె నాకు దణ్ణం పెట్టింది.

శ్రావణం, మొదటి శనివారం

ఇన్నిసార్లు ఊరికే కూసిందంటే ఫోన్లకు జబ్బేనని తేల్చి, నాగవేణి గారే ముద్ర ఫోను తెచ్చి పెట్టెకు మళ్ళీ నేర్పించారు. ఫోన్లన్నీ శుభ్రమయ్యాయి. ఆ తర్వాత సంఘం కూర్చుంది, ఈ జబ్బు లంకలోకి తెచ్చింది ఎవరని.

దీవెన పేరు ఎవరు ముందు అన్నారో నేను చూడలేదు, అద్దం మీద మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. 'తెలివైన ఫోను కావాలని అడిగింది ఆ పిల్లే కదా.' 'కాదంటే రహస్యంగా పెట్టించుకుని ఉంటది.' 'ఇస్సాకు బయట తిరుగుతాడు, తెచ్చి ఇచ్చుంటాడు.'

దీవెన లేచింది. "నేను ఎట్టలేదండి. అడిగాను, వద్దన్నారు, ఊరుకున్నాను."

నాగవేణి గారు చెయ్యెత్తి అందరినీ ఆపి నా వైపు తిరిగారు. "చంద్రంగారూ, ఎవరో ఏదో అన్నారని నేను నమ్మను. తవరు చెప్పండి. శుభ్రం చేసే ముందు తవరే చూశారు. ఈ అమ్మాయి ఫోన్లో జబ్బు ఉందా, లేదా?"

"ఉంది," అన్నాను.

అబద్ధం కాదు. ఆమె ఫోన్లో ఉంది. నాగవేణి గారి ఫోన్లోనూ ఉంది, అచ్చియ్యమ్మ ఫోన్లోనూ ఉంది, నా మెడలో వేలాడుతున్న దాంట్లో అన్నిటికంటే ముందు నుంచీ ఉంది. అది చెప్పలేదు. ఆవిడ అడిగిందానికే జవాబు చెప్పానని ఇంటికొచ్చేదాకా నాకు నేను చెప్పుకుంటూ నడిచాను.

తీర్పు: బుధవారం సరుకుల పడవకు దీవెన, ఇస్సాకు లంక విడిచి వెళ్ళాలి. లంక చీటీ లేనివాడికి ఇసుక పడవ మీద పని ఉండదు. ఒక లంక వెళ్ళగొట్టినవాళ్ళను మరో లంక చేర్చుకోదు. ఇద్దరూ ఎక్కడికి వెళ్తారో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

శ్రావణం, రెండో మంగళవారం

 

ఫోను మొద్దుగా ఉండాలనే ఇప్పటికీ అంటాను. తొమ్మిది లంకలు మునగడం నేను చూశాను. కానీ ఆ అమ్మాయి అడిగింది వణుకు. వణుకు ఇచ్చి ఉంటే గుంజ పట్టుకుని నిలబడాల్సిన పని ఉండేది కాదు. నాకు కావాల్సింది కూడా అందరి ముందూ అడిగి ఉంటే, చిప్పును మైలకుండలో మూడు రోజులు ఉంచి ఉంటే, కుండ వేడెక్కేది, పారేసేవాళ్ళం. అంతే. తెలివైన ఫోను కంటే దాచుకున్న ఫోను ఎక్కువ చేటు చేసింది. ఆ దాచుకున్నవాణ్ణి నేను. వినపడకపోవడం తప్పు కాదు. అది తప్పన్నట్టు ఆమె ముందు మాట్లాడి, ఆపైన అదే పని చాటుగా చేశాను.

రేపు చెప్తాను. రాసి పెడుతున్నాను, వెనక్కి పోకుండా.

శ్రావణం, రెండో బుధవారం

చెప్పాను.

పొద్దున్నే రేవుకు వెళ్ళాను. సత్తిబాబు పడవలో మూటలు సర్దుతున్నాడు. దీవెన, ఇస్సాకు అప్పటికే ఎక్కి ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. లంకలో సగం మంది వచ్చారు. నాగవేణి గారి ముందు నిలబడి, చిప్పు పీకి అరచేతిలో పెట్టి చూపించాను. జబ్బు దీంట్లోంచి వచ్చింది, ఇది నాది, నాకు మూడేళ్ళుగా వినపడదు అన్నాను. చెప్పాక మళ్ళీ చిప్పు ఫోన్లో పెట్టుకుని అద్దం చూశాను, ఆవిడ ఏమంటారో తెలియాలి కదా.

'ఊరుకోండి చంద్రంగారూ' అని వచ్చింది.

తలెత్తి చూస్తే ఆవిడ కళ్ళలో నీళ్ళు. 'ఆ పిల్ల మీద జాలితో తవరి నెత్తిన వేసుకుంటున్నారు. మాకు తెలీదా తవరి మనసు.' చుట్టూ అందరూ తలలూపుతున్నారు. ఒకాయన వచ్చి నా కాళ్ళు తాకాడు. పదహారేళ్ళు గుండ్రంగా రాసినందుకు నాకు దక్కిన ఫలం ఇది, నిజం చెప్పినా నమ్మనంత మంచి పేరు.

"సత్తిబాబూ, నువ్వు చెప్పు," అన్నాను.

అతను నీళ్ళలోకి చూస్తూ 'నాకేం తెల్దండి' అన్నాడు.

ఇంక ఒకటే దారి. మెడలోంచి ఫోను తీసి నాగవేణి గారి చేతిలో పెట్టాను. "నేను వెనక్కి తిరిగి నిలబడతాను. మీకు తోచింది అడగండి. జవాబు చెప్పానంటే నేను ఇప్పుడు చెప్పిందంతా అబద్ధం."

తిరిగాను. నా ముందు గోదావరి, పడవ, పడవలో దీవెన. వెనక ఏం జరుగుతోందో తెలియదు. వీపు మీద అందరి చూపులూ ఆనుతున్నాయి. అరవై ఒక్కేళ్ళవాణ్ణి, బళ్ళో గోడకుర్చీ వేసినవాడిలా నిలబడ్డాను.

అప్పుడు దీవెన పెదవులు కదిలాయి.

మొదట ఇస్సాకుతో ఏదో అంటోందనుకున్నాను. కాదు, నన్నే చూస్తోంది. నా భుజం మీదుగా వెనక్కి చూసి, మళ్ళీ నన్ను చూసి, గొంతు బయటికి రాకుండా, చిన్నపిల్లాడికి అన్నం తినిపించేటప్పుడు మనం నోరు తెరిచినట్టు నిదానంగా అంటోంది. మీ. ఆవిడ. పేరు.

నాగవేణి గారి ప్రశ్నను ఆవిడ నోటి మీద చదివి నాకు అందిస్తోంది.

వరహాలు. మా ఆవిడ పోయి పదేళ్ళు. నాలుగక్షరాలు. అంటే చాలు, నేను ఇంటికి వెళ్ళి భోంచెయ్యొచ్చు. నాకు వినపడుతుందని లంకంతా ఒప్పుకుంటుంది. నా మంచి మనసు గురించి పదేళ్ళు చెప్పుకుంటారు. పడవ వెళ్ళిపోతుంది. ఆ పేరు నాలుక మీదికి వచ్చింది. రాలేదని రాస్తే ఈ పుస్తకం కూడా సంఘం పుస్తకమే అవుతుంది.

పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. ఆమె మళ్ళీ అంది, ఈసారి కంగారుగా. నేను తల అడ్డంగా ఊపాను.

ఎంతసేపో తెలియదు. చివరికి నాగవేణి గారు నా ముందుకు వచ్చారు. ముఖం తెల్లబోయి ఉంది. తిట్టలేదు. ఆవిడ ఎన్నిసార్లు అడిగారో, ఎంత గట్టిగా అరిచారో తర్వాత ఇస్సాకు వేళ్ళ మీద చూపించాడు. ఫోను నాకు తిరిగి ఇవ్వలేదు. పడవ వైపు చెయ్యి ఊపి దీవెననూ ఇస్సాకునూ దిగమన్నారు. సత్తిబాబు తాడు అక్కడే వదిలేసి పడవ అవతలి కొసకు పోయి కూర్చున్నాడు. జనం నా పక్కనుంచి, నేను లేనట్టే, రేవు ఎక్కి వెళ్ళిపోయారు.

దీవెన మూట దించుకుని నా దగ్గర ఆగింది. నాకు కనిపించేలా ముఖం ఎత్తి మాట్లాడింది.

"మీకు వినపడదని నాకు రెండేళ్ళ నించి తెలుసండి. మీరు అందరి నోళ్ళకేసీ చూత్తారు, నాలాగే."

"మరి ఆ రోజు సంఘంలో ఎందుకు చెప్పలేదమ్మా? నిన్ను పంపించేస్తుంటే?"

"చెప్తే మిమ్మల్ని ఇలాగే నిలబెడతారు కదండీ," అంది. "జొరం తగ్గాక నన్నూ ఇలాగే గోడకేసి నిలబెట్టి, ఎనకమాల నించి అరిచి చూశారండి. వాకిలి నిండా జనం. ఎవరికీ అది రాకూడదండి."

తల దించుకుంటే ఆమె మాటలు కనిపించవు. ఆమె చెప్పడం అయ్యేదాకా ఎత్తే ఉంచాను.